షుగర్ ఫైల్లో లేని కాగితం

సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు అమ్మ ములక్కాడ సాంబారు చేసింది. నాన్నకి ములక్కాడంటే ప్రాణం. మా చిన్నప్పుడు మేమంతా తినేసి చేతులు కడుక్కుని వచ్చినా ఆయన ఇంకా కంచం ముందే ఉండేవారు. ఒక్కో ముక్కనీ చీల్చి, గుజ్జు లాగి, పీచు తెల్లబడేదాకా నమిలి కంచం పక్కన కుప్ప పోసేవారు.

ఈసారి ఆయన కంచంలో నాలుగు ముక్కలూ చీల్చకుండానే ఒక వారగా ఉన్నాయి. సాంబారన్నం మాత్రం చంటిపిల్లలకి పిసికినట్టు పిసికి, కుడి దవడకి తగలకుండా మింగుతున్నారు. "ఏంటి నాన్నా, ములక్కాడ తినట్లేదా?" అంటే "పీచు ఇరుక్కుంటోందమ్మా" అన్నారు. అమ్మ అందుకుని, "ఏడాది నుంచీ ఇంతే. చేగోడీలు కూడా ముట్టుకోవట్లేదు. షుగరని భయపడి మానేశారేమో అనుకున్నా" అంది.

మర్నాడు పొద్దున్న పక్క బట్టలు తీస్తుంటే ఆయన దిండు గలీబు మీద, చెంప ఆనే చోట, గోధుమరంగు మరకలు కనిపించాయి. ఉతికినా పోవట్లేదని అమ్మ చెప్పింది. అవేంటో ఆవిడా అడగలేదు, ఆయనా చెప్పలేదు. నిద్రలో నోట్లోంచి కారిన ఉమ్ములో రక్తం కలిసి పడిన మరకలవి.

నాన్నకి షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఆ పద్నాలుగేళ్ళ కాగితాలన్నీ అమ్మ ఒక నీలం ప్లాస్టిక్ ఫైల్లో తేదీల వరసన దాచింది. ఆ రోజు మధ్యాహ్నం వరండాలో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) ఎంత. కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. కంటి వెనక పొర ఫోటోలు మూడుసార్లు. గుండెకి ఈసీజీలు, ఒక టూడీ ఎకో. పాదంలో స్పర్శ ఎలా ఉందో చూసిన కాగితం ఒకటి, దాని మీద పాదం బొమ్మ, బొమ్మ మీద చుక్కలు. నోటి గురించి ఒక్క ముక్క లేదు. పద్నాలుగేళ్ళలో షుగర్ చూసేవాళ్ళెవరూ ఆయన్ని నోరు తెరవమని అడగలేదు.

ఆ డాక్టర్లంతా మంచివాళ్ళే. నాన్న కళ్ళు, కిడ్నీలు ఇవాళ బాగున్నాయంటే వాళ్ళ చలవే. అందుకే ఈ ఖాళీ నన్ను మరీ బాధపెట్టింది. శ్రద్ధగా చూసేవాళ్ళ కంట కూడా పడలేదంటే, చిగుళ్ళు షుగర్ జబ్బులో భాగమనే లెక్కే మనకి లేదన్నమాట. షుగర్ ఉన్నవాళ్ళకి కళ్ళూ కాళ్ళూ చూసినట్టే చిగుళ్ళూ చూడాలి, అదీ షుగర్ వైద్యంలో భాగంగానే చూడాలి అన్నది ఇప్పుడు నా గట్టి అభిప్రాయం. దానికొచ్చే అభ్యంతరాలు కూడా తక్కువేం కాదు. వాటిని దాచకుండా రాస్తాను.

ఆరు, ఏడు, ఆరు

నాన్నని పళ్ళ డాక్టర్ దగ్గరికి ఒప్పించడానికే రెండు రోజులు పట్టింది. "వయసు మీద పడ్డాక పళ్ళు ఊడకుండా ఉంటాయా? మా నాన్నకి అరవై దాటేసరికి బోసినోరే" అన్నారు. ఈ మాట మనందరి ఇళ్ళలో వినేదే. తాతయ్యకి షుగర్ ఉండేదో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో పల్లెటూళ్ళో రక్తపరీక్ష చేయించుకున్నవాళ్ళెందరు? వయసుతో పాటు వచ్చింది కాబట్టి వయసు వల్లే వచ్చిందని ఊరుకున్నారంతే.

డాక్టరమ్మ చిన్న వయసావిడ. కుర్చీలో కూర్చోబెట్టగానే అడిగిన మొదటి ప్రశ్న, "అంకుల్, షుగర్ ఉందా? మూడు నెలలది ఎంతొచ్చింది?" ఫైలు తీసి చూపించాను. 8.6 శాతం. ఆవిడ తలూపి, సన్నటి మొనకి నల్ల గీతలున్న ఒక పరికరం తీసుకున్నారు. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల, చిగురుకీ పంటికీ మధ్య సందులోకి మెల్లగా దింపి, ఎంత లోతుకి దిగిందో పైకి చెబుతుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంటోంది. "మూడు, రెండు, మూడు. నాలుగు, మూడు, అయిదు. ఆరు, ఏడు, ఆరు."

అవి మిల్లీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న చిగురులో మూడుకి మించి దిగదు. పరికరం తీసిన చోటల్లా రక్తం పూసలా తేలి, పక్క పూసతో కలిసి, చిగురు అంచు వెంట ఎర్రటి గీతలా సాగింది. నేను కుర్చీ పక్కన నిలబడి చూస్తున్నాను. నాన్న ఒక్కసారి కూడా నొప్పని చెయ్యెత్తలేదు. ఇన్నేళ్ళూ పట్టించుకోకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది. పిప్పి పన్నయితే రాత్రంతా నిద్ర పోనివ్వదు కాబట్టి మర్నాడు పరిగెత్తుకెళ్తాం. చిగుళ్ళ జబ్బు నొప్పి లేకుండా లోపల ఎముకని తినేస్తుంది. ఎక్స్‌రేలో వెనక దంతాల దగ్గర ఎముక సగానికి సగం దిగిపోయి ఉంది.

మూడు నెలల షుగర్ ముందే ఎందుకు అడిగారని తర్వాత అడిగాను. 2018లో ప్రకటించిన చిగుళ్ళ జబ్బు వర్గీకరణలో జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో అంచనా కట్టడానికి చూసేవాటిలో ఆ అంకె కూడా ఉందట. షుగర్ ఉండి ఆ సగటు 7 గానీ ఆ పైన గానీ ఉంటే అన్నిటికంటే వేగంగా ముదిరే కోవలోకి వేస్తారు. ఆ కోవలోకి నెట్టే ఇంకో సంగతి రోజుకి పది, అంతకుమించి సిగరెట్లు కాల్చడం. అంటే పళ్ళ డాక్టర్ల పుస్తకంలో షుగర్ ఎప్పుడో చేరింది. షుగర్ డాక్టర్ల గదిలోకే చిగుళ్ళు ఇంకా రాలేదు.

పాచి ఒక్కటే కారణమైతే

ఇంటికొచ్చాక మా బాబాయి ఒక మాటన్నాడు. "సరిగ్గా తోముకోకపోతే చిగుళ్ళు పాడవుతాయి, అంతేగానీ షుగర్‌కీ దానికీ ఏంటమ్మా?" న్యాయమైన ప్రశ్నే. సగం నిజం కూడా.

ఆ సగాన్ని నిరూపించింది నార్వేలో పుట్టిన దంతవైద్యుడు హెరాల్డ్ లోయె. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో ఆయన బృందం చేసిన ప్రయోగం చాలా సూటిగా ఉంటుంది. చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని, ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, పళ్ళు తోముకోవడం పూర్తిగా మానేయమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. పాచి పేరుకుంటే చిగురు వాస్తుంది, తీసేస్తే తగ్గుతుంది. బాబాయి చెప్పింది ఇదే.

మిగతా సగం కూడా అదే లోయె బృందం పనిలోనే దొరుకుతుంది, అదీ మన పక్కనున్న శ్రీలంకలో. అక్కడి టీ తోటల్లో పనిచేసే 480 మంది తమిళ కూలీలని 1970 నుంచి 1985 దాకా గమనించారు. వాళ్ళకి బ్రష్ అలవాటు లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు. అందరి నోళ్ళలోనూ పాచి, అది గట్టిపడి ఏర్పడిన గార, వాచిన చిగుళ్ళు. అందరికీ ఒకేలా పళ్ళు ఊడాలి కదా? ఊడలేదు. సుమారు 8 శాతం మందికి జబ్బు శరవేగంగా ముదిరింది. 81 శాతం మందికి మెల్లగా నడిచింది. 11 శాతం మందికి చిగుళ్ళు వాయడం దాటి అసలు ముందుకే పోలేదు.

నన్ను ఎక్కువసేపు ఆలోచనలో పడేసింది ఆ 11 శాతమే. అదే మురికి, అదే తిండి, అదే పని, అయినా వాళ్ళ ఎముక నిలబడింది. అంటే పాచి నిప్పురవ్వ లాంటిది. అది తడి గడ్డి మీద పడిందా, ఎండు గడ్డి మీద పడిందా అన్నది ఒంటిని బట్టి ఉంటుంది. నాన్న రోజుకి రెండుసార్లు తోముకునే మనిషి. పద్నాలుగేళ్ళ షుగర్ ఆయన చిగుళ్ళని ఎండుగడ్డి చేసిందన్నది నా అవగాహన.

ఈ సంబంధం గట్టిగా బయటపడింది అమెరికాలో అరిజోనా రాష్ట్రపు పీమా ఆదివాసుల్లో. ప్రపంచంలోకెల్లా టైప్ 2 షుగర్ ఎక్కువగా నమోదైన జనాల్లో వాళ్ళొకరు. వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు వచ్చే ముప్పు లేనివాళ్ళకంటే దాదాపు మూడు రెట్లు ఉందని తేలింది. ఆ పరిశోధనలన్నీ చూసే లోయె 1993లో చిగుళ్ళ జబ్బుని షుగర్ తెచ్చే ఆరో ఉపద్రవం అని రాశారు. కళ్ళు, కిడ్నీలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండ్లు, వాటి తర్వాత ఇది. ముప్పై ఏళ్ళు దాటింది. మొదటి అయిదింటికీ మా నీలం ఫైల్లో కాగితాలున్నాయి.

పాదం మీద ఉంటే ఊరుకుంటామా

లోపల జరిగేది నాకు అర్థమైనంతలో చెబుతాను. మనం మూడు నెలలకోసారి చేయించే పరీక్ష కొలిచేదేంటి? రక్తంలో ఎక్కువైన చక్కెర ఎర్రకణాల్లోని హీమోగ్లోబిన్‌కి ఎంత అతుక్కుపోయిందన్నదే. చక్కెర హీమోగ్లోబిన్‌తో ఆగదు. చిగురులో ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్‌కీ అలాగే అతుక్కుంటుంది. అలా చక్కెర పట్టిన ప్రోటీన్లు పేరుకుంటే రోగనిరోధక కణాలు రెచ్చిపోతాయి. క్రిముల మీద చెయ్యాల్సిన యుద్ధం సరిగ్గా చెయ్యవు సరికదా, మంట మాత్రం ఆర్పకుండా రగిలిస్తాయి. సన్నటి రక్తనాళాలు దెబ్బతిని మరమ్మతు నెమ్మదిస్తుంది. ఎముకని కరిగించే కణాలకి పని పెరుగుతుంది.

ఎదురు దారి కూడా ఉంది. వాచిన చిగురులో పుట్టే, మంటని రగిలించే ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి పదార్థాలు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతాయి. అవి ఉన్నంతసేపూ ఇన్సులిన్ మాట కణాలు సరిగ్గా వినవు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు కూడా ఇవే పదార్థాలని వదులుతుంది. అందుకే షుగర్ ఇంకా రాకపోయినా నడుము పెరిగి, బీపీ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్ళలో కూడా చిగుళ్ళ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది.

చిగుళ్ళ జబ్బంటే నోట్లో అరచేయంత పుండు ఉన్నట్టే అని చాలామంది చెబుతుంటారు. అది ఎక్కువ చేసి చెప్పడమే. 2001లో జాగ్రత్తగా లెక్క కడితే అది 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల మధ్య తేలింది. ముదిరిన నోట్లో సుమారు అగ్గిపెట్టె పైభాగమంత. నా వాదనకి అరచెయ్యి అక్కర్లేదు, అగ్గిపెట్టె చాలు. షుగర్ ఉన్న మనిషి పాదం మీద అగ్గిపెట్టంత పుండు, రోజూ రక్తం, చీముతో, ఏడాదిగా మానకుండా ఉంటే మన ఇళ్ళలో ఎంత కంగారు! కాలు తీసేస్తారేమోనని రాత్రికి రాత్రే బండి కట్టించుకుని పరిగెడతాం. అదే పుండు పెదవుల వెనక ఉంటే దిండు గలీబు మార్చి ఊరుకుంటున్నాం.

నన్ను ఆపిన అనుమానాలు

ఇక్కడిదాకా వచ్చాక నాకే కొన్ని సందేహాలొచ్చాయి.

మొదటిది నాన్న విషయంలోనే. ఆయన యాభై అయిదేళ్ళు వచ్చేదాకా సిగరెట్ కాల్చారు. పొగాకు ఒక్కటే చిగుళ్ళని నాశనం చెయ్యగలదు, పైగా రక్తం కారడాన్ని తగ్గించి జబ్బుని కప్పిపెడుతుంది కూడా. మరి ఆయన ఎముక కరగడంలో షుగర్ వాటా ఎంత, సిగరెట్ వాటా ఎంత? విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇంకాస్త విశాలంగా చూస్తే, పళ్ళు శ్రద్ధగా చూసుకునే మనిషి పొద్దున్నే నడుస్తాడు, వేళకి తింటాడు, మాత్రలు మర్చిపోడు. చేతిలో నాలుగు డబ్బులున్నవాడికి రెండూ బాగుంటాయి, లేనివాడికి రెండూ పాడవుతాయి. జంటగా కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని తెచ్చిందనలేం.

ఇలాంటి చిక్కు తేలాలంటే చికిత్స చేసి చూడాలి. చిగుళ్ళు బాగుచేస్తే షుగర్ తగ్గుతుందా? 2013లో అమెరికాలో 514 మందితో పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి చిగుళ్ళ శుభ్రత చేశారు, సగం మందికి ఆపారు. ఆరు నెలల తర్వాత షుగర్ సగటులో తేడా లేదు. లాభం కనిపించే ఆశ లేదని కొత్తవాళ్ళని చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. అది చదివిన రాత్రి ఈ వ్యాసం రాయడం మానేద్దామనుకున్నాను.

తర్వాత దాని మీద వచ్చిన విమర్శలు చదివాను. చికిత్స అయ్యాక కూడా వాళ్ళలో చాలామంది నోట్లో పాచి, రక్తం అలాగే ఉన్నాయి. పుండు మానకుండానే పుండు మానితే ఏమవుతుందో చూశారని కొందరు నిపుణుల అభ్యంతరం. 2018లో లండన్‌లో 264 మందితో చేసిన పరీక్షలో చిగుళ్ళకి గట్టి చికిత్స, అవసరమైతే ఆపరేషన్ కూడా చేసి, ఏడాది పాటు వెంటపడి చూసుకున్నారు. పైపైన శుభ్రం చేసినవాళ్ళకంటే వీళ్ళలో మూడు నెలల సగటు 0.6 తక్కువ తేలింది. 2022లో, వైద్య పరీక్షల ఫలితాల్ని కలిపి తూచే కొక్రేన్ సంస్థ ఇలాంటి 35 పరీక్షల్ని, 3249 మంది వివరాల్ని కలిపి చూసింది. చిగుళ్ళ చికిత్స తర్వాత మూడు నాలుగు నెలలకి ఆ సగటు 0.43, ఆరు నెలలకి 0.30 తగ్గుతోందని లెక్క తేల్చింది.

ఈ అంకెలు ఎంత? షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఆ సగటుని సాధారణంగా ఒక పాయింటు, ఒక్కోసారి అంతకుమించి తగ్గిస్తుంది. దాంతో పోలిస్తే ఇది చిన్నదే. క్లీనింగ్ చేయించుకుంటే షుగర్ పోతుందని యూట్యూబులో చెప్పేవాళ్ళని నమ్మొద్దు. ఎవరైనా అది నమ్మి మాత్ర మానేస్తే ఆ పాపం ఈ వాదన చేసేవాళ్ళందరిదీ అవుతుంది. కానీ 0.3ని తీసిపారేసే స్థితిలో షుగర్ ఉన్నవాళ్ళు లేరు. ఆ కాస్త తగ్గించుకోవడానికి నాన్న రాత్రిపూట అన్నం మానేశారు, మోకాళ్ళ నొప్పితోనే రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నారు.

నా వాదన 0.3 మీదే ఆధారపడి లేదు కూడా. చిగుళ్ళు బాగుచేస్తే షుగర్ ఒక్క పాయింటు తగ్గకపోయినా సరే చూడాల్సిందే. కంటి వెనక పొరకి లేజర్ చేస్తే షుగర్ తగ్గుతుందా? తగ్గదు. చూపు కోసం చేయిస్తాం. నమలడం కోసం చిగుళ్ళు చూసుకోకూడదా?

మెత్తటి తిండి

పరిశోధనల గోలలో కనిపించని ఇంకో ముడి మా ఇంట్లో కళ్ళెదురుగా కనిపించింది. షుగర్ ఆస్పత్రిలో ఇచ్చిన ఆహారం కాగితం ఫైల్లోనే ఉంది. జొన్నరొట్టె, జామకాయ, కీర, మొలకెత్తిన పెసలు, గుప్పెడు పల్లీలు, పచ్చి క్యారెట్. అన్నీ మంచివే, అన్నీ నమలాల్సినవే.

అమ్మని కూర్చోబెట్టి నాన్న గత ఏడాది నిజంగా ఏం తింటున్నారో ఒక్కొక్కటీ అడిగాను. పొద్దున ఇడ్లీ, లేకపోతే ఉప్మా. మధ్యాహ్నం ఒక విజిల్ ఎక్కువ పెట్టి మెత్తగా చేసిన అన్నం, పప్పుచారు. సాయంత్రం టీలో నానేసిన బిస్కెట్లు. రాత్రి పాలల్లో వేసిన బ్రెడ్డు. జొన్నరొట్టె రెండు రోజులు తిని మానేశారు. జామకాయ కోసిస్తే గింజలు గుచ్చుకుంటున్నాయని పక్కన పెట్టారు. నమలలేకపోతున్నానని ఎవరికీ చెప్పలేదు, ఆయనకి అది చెప్పుకోవాల్సిన విషయంలా తోచలేదు. తీరా షుగర్ పెరిగినప్పుడల్లా "మాస్టారూ, మీరు డైట్ పాటించట్లేదు" అని డాక్టర్ కేకలేస్తే తల దించుకుని విన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, చెయ్యని తప్పుకి అలా మందలింపులు తిన్నారంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ గదిలో ఎవరైనా ఒక్కసారి "ఏవీ, నోరు తెరవండి" అని ఉంటే అసలు సంగతి అప్పుడే తెలిసేది.

చిగుళ్ళ నుంచి షుగర్‌కి పోయే దారి రక్తంలోంచే కాదు, కంచంలోంచీ ఉంది.

ఎవరి తలుపు ఎవరు తట్టాలి

అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ వారి మార్గదర్శకాల్లో, షుగర్ బయటపడగానే పంపాల్సినవాళ్ళ జాబితాలో కంటి డాక్టర్‌తో పాటు పళ్ళ డాక్టర్ పేరూ ఉంటుంది. కాబట్టి ఇది వైద్యులకి తెలియని సంగతేం కాదు. మా ఊళ్ళో ఆ షుగర్ ఆస్పత్రి బయట ఉదయం ఏడింటికే నలభై మంది వరసలో ఉంటారు. ఒక్కొక్కరికీ దక్కేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో నోరు కూడా చూడమనడం అన్యాయమని డాక్టర్లు అంటే కాదనలేను. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, ఇంకో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం అంచనా వేసింది. అందర్నీ చూడటం ఎవరి వల్లా కాదు.

అయితే నోరు చూడక్కర్లేదు, ప్రశ్నలు చాలు. తోముకుంటే రక్తం వస్తోందా? ఏ పన్నయినా కదులుతోందా? ఏవైనా తినడం మానేశారా? బీపీ చూసే నర్సమ్మ ఆ పట్టీ చుడుతూనే ఈ మూడూ అడగొచ్చు. ఒక్కదానికి అవునన్నా పళ్ళ డాక్టర్‌కి చీటీ రాసివ్వొచ్చు.

ఊళ్ళలో అయితే దారి ఇప్పటికే సగం వేసి ఉంది. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకి బీపీ, షుగర్ చూడటానికి ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇళ్ళకొస్తారు కదా. అదే కార్యక్రమంలో నోటి క్యాన్సర్ కోసం నోట్లో మానని పుండ్లున్నాయా, నోరు పూర్తిగా తెరుచుకుంటోందా అని కూడా అడుగుతారు. నోరు తెరిపించే పని అప్పటికే జరుగుతోంది, షుగర్ సూది గుచ్చే పని అప్పటికే జరుగుతోంది, ఒకే గడపలో, ఒకే మనిషి చేత. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా అని ఇంకొక్క గడి పెడితే చాలు.

డబ్బు సంగతి నిజమైన అడ్డంకి. నాన్నకి నాలుగు సిట్టింగుల్లో, మత్తు ఇచ్చి, చిగురు లోపలి వేర్ల దాకా శుభ్రం చేశారు. నిలవవని తేలిన రెండు పళ్ళు తీసేశారు. మొత్తం ఆరువేల అయిదు వందలయింది. మేం పెట్టుకోగలిగాం. రోజుకూలీ చేసుకునేవాళ్ళ సంగతి? మామూలు ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావాటికి పళ్ళ వైద్యం వర్తించదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి, తక్కువ ఖర్చుతో చేస్తారు. కానీ నాలుగుసార్లు వెళ్ళాలంటే నాలుగు రోజుల కూలి పోతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి కంటిపరీక్షలా ఇదీ పథకాల్లో చేరాలి. అది జరిగేదాకా ఈ మాటలన్నీ ఉన్నవాళ్ళకి చెప్పే మాటలుగానే మిగులుతాయేమోనని నాకు దిగులు.

ఇంకో అడ్డంకి మన నమ్మకం. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయంటారు. అది పుట్టడానికి కారణం లేకపోలేదు. ఎముక కరిగిపోయాక పళ్ళని ఒకదానికొకటి పట్టి ఉంచేది గారే. అది సున్నపు గచ్చులా గట్టిగా ఉంటుంది. దాన్ని తీయగానే అప్పటికే వదులైన పళ్ళు వదులుగా తెలుస్తాయి, సందులు బయటపడతాయి. నిందంతా క్లీనింగ్ మీద పడుతుంది. నాన్న కూడా మొదటి సిట్టింగ్ అయ్యాక వారం రోజులు ఇదే అన్నారు. రెండు నెలలకి చిగుళ్ళు గట్టిపడి, ఆ కదలిక కొంత తగ్గింది.

మూడు నెలల తర్వాత ఆయన సగటు 8.6 నుంచి 7.9కి వచ్చింది. అది చిగుళ్ళ పుణ్యమని నేను చెప్పలేను. ఆ మధ్యలోనే షుగర్ డాక్టర్ ఒక మాత్ర మార్చారు. బ్రెడ్డు, బిస్కెట్లు మానేసి జొన్నరొట్టె మళ్ళీ మొదలైంది. మూడూ కలిసి చేసిన పని. దిండు గలీబు మాత్రం శుభ్రంగా ఉంటోందని అమ్మ ఫోన్లో చెప్పింది.

అమ్మ

నాన్న మూడో సిట్టింగ్ రోజున బయట బల్ల మీద కూర్చున్న అమ్మని చూసి డాక్టరమ్మ ఊరికే పలకరించినట్టు అడిగారు. "ఆంటీ, మీకు తోముకునేటప్పుడు రక్తం వస్తుందా?" అమ్మ నవ్వి, "ఎప్పుడైనా వస్తుందమ్మా. నాకే రోగమూ లేదు" అంది. ఆవిడ లోపలికి పిలిచి చూశారు. ఇప్పటికే అయిదు పళ్ళు లేవు, మిగతావాటి చుట్టూ లోతైన సందులు. మూడు నెలల షుగర్ ఒకసారి చేయించమని చీటీ రాసిచ్చారు.

అలా అడగడానికి ఆధారం ఉందని తర్వాత చదివాను. 2011లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు, షుగర్ ఉందని తెలియకుండా పళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళని పరీక్షించారు. కనీసం నాలుగు పళ్ళు లేకపోవడమో, పావు వంతుకి మించి పళ్ళ చుట్టూ లోతైన సందులుండటమో చూసి ఊహిస్తే, షుగరో దాని ముందు దశో ఉన్నవాళ్ళలో 73 శాతం మంది దొరికారు. వేలు గుచ్చి చేసే పరీక్ష కూడా కలిపితే 92 శాతం. బ్రష్ మీద కనిపించే ఎరుపు కొందరిలో షుగర్ కంటే ముందే చెప్పే కబురన్నమాట.

అమ్మకి 6.1 వచ్చింది. షుగర్ కాదు, దాని ముందు దశ. పద్నాలుగేళ్ళుగా నాన్న ఫైలు మోసుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగిన మనిషి ఒక్కసారి కూడా తన వేలు గుచ్చించుకోలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు ఆవిడని క్లీనింగ్‌కి ఒప్పించడం నా పని. రోజూ ఫోన్లో ఇదే గొడవ. "పళ్ళు కదులుతాయటే" అంటుంది. నాన్న పక్కనుంచి "నావి చూడు, ఉన్నాయిగా" అని నోరు తెరిచి చూపిస్తున్నారు. గురువారానికి పేరు రాయిద్దామంటే అమావాస్య అంది. శుక్రవారం పదిన్నరకి రాయించాను. టిఫిన్ తిని వెళ్ళమన్నాను, నాన్న తోడొస్తారు. నీలం ఫైలు కూడా పట్టుకెళ్ళమన్నాను. 6.1 వచ్చిన కాగితం అందులో పెట్టింది. ఆ ఫైల్లో అమ్మ పేరుతో ఉన్న మొదటి కాగితం అదే.